మన నేల కింద ఏముంది? – మెటల్ డిటెక్టరుతో నా అనుభవం

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, "నేను ఇంజనీరుని, నాకు రాయడం ఏం తెలుసు?" అన్నాను. "నువ్వు సెలవుల్లో ఊరికొచ్చి చేలల్లో ఏదో కర్ర పట్టుకుని తిరుగుతుంటావంట కదా, దాని గురించే రాయి" అన్నారు. ఆ కర్ర మెటల్ డిటెక్టరు. మూడేళ్ళుగా అది నా కాలక్షేపం. తలుపులలో కొందరు నేను నిధుల కోసం తిరుగుతున్నానని అనుకుంటున్నారని నాకు తెలుసు. అందుకని ఈ యంత్రం ఎక్కడ పుట్టిందో, మన సీమకు వచ్చి ఏం చేసిందో, దాని వల్ల నేను చేసిన ఒక తప్పేమిటో మన బడి మిత్రులకూ గురువులకూ ఒకచోట చెప్పేస్తాను.

యంత్రం కథ

ఎనిమిదో తరగతిలో మా సైన్సు సారు తీగచుట్టలో అయస్కాంతం ఆడించి, గాల్వనామీటరు ముల్లు కదలడం చూపించారు. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ అది. మెటల్ డిటెక్టరులో ఉన్నది కూడా అంతకు మించి ఏమీ లేదు. కర్ర చివరి పళ్ళెంలో ఒక తీగచుట్ట ఉంటుంది. దానిలో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటు పారుతుంది. దాని కింద లోహం ఉంటే ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. రెండో తీగచుట్ట వాటి జాడ పట్టుకుని చెవిలో శబ్దం చేస్తుంది. అంతే.

దీన్ని మొదట వాడింది నిధి కోసం కాదు, ఒక ప్రాణం కోసం. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకు తెలియలేదు. ఎక్స్‌రే ఇంకా రాలేదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక పరికరం తయారుచేసి తెచ్చాడు. అయితే అధ్యక్షుడు పడుకున్న పరుపులో ఇనుప స్ప్రింగులు ఉండటంతో శబ్దం గందరగోళమైంది. డాక్టరు కూడా తూటా కుడివైపే ఉందని నమ్మి, అటువైపే వెతకనిచ్చాడు. తూటా దొరకలేదు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. యంత్రం లోహం ఉందని చెబుతుంది కానీ అది ఏ లోహమో, ఎవరిదో, ఎందుకుందో చెప్పదు. ఈ పాఠం మొదటి రోజు నుంచే ఉంది.

తర్వాత 1930లలో అమెరికాలో స్థిరపడిన గెర్హార్డ్ ఫిషర్ అనే ఇంజనీరు చేతిలో పట్టుకుని తిరగగల డిటెక్టరుకు పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండు సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కి రూపొందించిన మందుపాతరల డిటెక్టరు 1942లో ఎల్ అలమైన్ యుద్ధంలో ఎన్నో ప్రాణాలు కాపాడింది. యుద్ధం అయ్యాక మిగిలిన పరికరాలు జనం చేతికొచ్చాయి. అక్కడి నుంచే ఇది సరదాగా మారింది.

మన సీమలో నిధుల నమ్మకం

మన వైపు నేల కింద బంగారం ఉందంటే నమ్మనివాళ్ళు తక్కువ. దానికి కారణాలూ ఉన్నాయి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగరం విడిచి పెనుకొండకు వచ్చాడు. ఆయన వెంట వందల ఏనుగుల మీద ధనం తరలివచ్చిందని చెబుతారు. ఆ మాట నాలుగు వందల ఏళ్ళుగా పెనుకొండ నుంచి మన ఊళ్ళ దాకా పాకుతూనే ఉంది. పైగా బ్యాంకులు లేని కాలంలో కాస్త కలిగినవాళ్ళు దొంగలకో దండులకో భయపడి కుండలో పెట్టి పాతిపెట్టుకోవడం నిజంగానే ఉండేది. 1876–78 నాటి ధాత కరువులో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. పాతినవాళ్ళు తిరిగి రాకపోతే ఆ కుండ అక్కడే ఉండిపోతుంది.

దానికి తోడు ధర్మవరానికి అవతల రామగిరిలో బంగారు గనులు నడిచాయి. వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో ఇప్పటికీ తొలకరి పడగానే జనం వంగి వంగి వజ్రాలు వెతుక్కుంటారు. ఇవన్నీ కళ్ళముందు ఉన్నప్పుడు "మన గుట్టలో కూడా ఉండకపోతుందా" అనుకోవడం సహజమే. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందని తవ్వకాలు మొదలైతే నెలల తరబడి పత్రికల్లో అదే వార్త. చివరికి నిధి దొరకలేదు.

కానీ అదే తుగ్గలి వైపు, గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, ఎర్రగుడి గుట్ట దగ్గర 1920ల చివరలో ఒక నిధి దొరికింది. ఖనిజాల కోసం తిరుగుతున్న అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త బండల మీద రాతలు చూశాడు. చూసి ఊరుకోకుండా తెలిసినవాళ్ళకు తెలియజేశాడు. అవి అశోకుడి శాసనాలు. రెండు వేల రెండు వందల ఏళ్ళ నాటి మాటలు మన సీమ బండల మీద అప్పటిదాకా ఎండకు ఎండి, వానకు తడుస్తూ ఉన్నాయి. ఆ రాళ్ళను ఎవరో ముందే పగలగొట్టి ఉంటే?

నేను చేసిన తప్పు

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. స్వర్ణోత్సవ సంచికలో మంచి జ్ఞాపకాలే రాయాలంటారు. కానీ ఇది కూడా మన బడికి సంబంధించినదే.

1984–85లో మేం తొమ్మిదో తరగతి. ఒక శనివారం మధ్యాహ్నం మా సోషలు సారు మమ్మల్నందరినీ నడిపించుకుంటూ ఊరికి దూరంగా ఒక చెరువుకట్ట దగ్గరికి తీసుకుపోయారు. అక్కడ నడుమెత్తు వీరగల్లు ఒకటి ఉండేది. చేతిలో కత్తి పట్టుకున్న మనిషి, పక్కన ఆవులు, పైన సూర్యచంద్రులు, కింద మూడు వరుసల అక్షరాలు. "పశువుల్ని తోలుకుపోయే దొంగలతో కొట్లాడి చచ్చిపోయినోడు రా ఈయన. వీళ్ళమ్మా నాయనా ఎవరో మనకు తెలీదు. ఈ మూడు వరసలే ఆయనకు మిగిలింది" అన్నారు సారు. చాక్‌పీసు పొడి రుద్ది, అక్షరాలు కనిపించేటట్టు చేసి, అందరి చేతా నోటుబుక్కుల్లో దించించారు. తొలి తెలుగు శాసనాలుగా పేరొందిన కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు మన పక్కనే కడప జిల్లాలో రేనాటి చోళులు వేయించినవని ఆయన చెప్పిందీ ఆ రోజే. మాకు మాత్రం తిరిగొచ్చేటప్పుడు తిన్న ఈతపండ్లే గుర్తు.

తర్వాత నేను ఇంజనీరింగులో చేరాను. మూడో ఏట, ఒక పత్రికలో వచ్చిన సర్క్యూట్ చూసి రెండు ట్రాన్సిస్టర్లు, రాగితీగ, పాత రేడియో భాగాలతో సొంతంగా ఒక మెటల్ డిటెక్టరు తయారుచేశాను. 1991 వేసవి సెలవుల్లో దాన్ని ఇంటికి తెచ్చి అందరికీ చూపించాను. పారేసిన తాళంచెవి వెతికిపెట్టాను. ఊరంతా మెచ్చుకున్నారు. ఒక రాత్రి నాకు వరసకు మామ అయ్యే పెద్దాయన వచ్చి, "అల్లుడూ, నీ మిషను ఒకసారి చెరువుకట్ట కాడికి తెస్తావా? ఆ రాయి కింద ఉండాదని మా అబ్బ చెప్తాండె" అన్నాడు. నాకు ఇరవై ఏళ్ళు. నా యంత్రం పనిచేస్తుందని చూపించుకోవాలనే ఆరాటం తప్ప ఇంకేమీ లేదు.

రాయి మొదట్లో యంత్రం కూసింది. నలుగురు కలిసి గడ్డపారలు పెట్టి పెకలించారు. రాయి వెల్లకిలా పడి, బండ మీద తగిలి రెండు ముక్కలైంది. అక్షరాలున్న భాగం పెచ్చులుగా లేచిపోయింది. మోకాలి లోతు తవ్వితే దొరికింది తుప్పుపట్టిన గొర్రు కర్రు. ఎప్పుడో సేద్యం చేస్తూ ఎవరో పోగొట్టుకున్నది. తర్వాత ఏడాదికల్లా ఆ ముక్కలు కూడా అక్కడ లేవు. ఏదో మోరీకి వాడేసుంటారు.

రెండు వారాల తర్వాత సారు బజారులో కనిపించారు. ఆయనకు అప్పటికే తెలుసు. నేను తలదించుకున్నాను. ఆయన తిట్టలేదు. "రెండో వరసలో మూడో అక్షరం ఏముండెనో నీకేమన్నా గుర్తుందా? నేను దించుకున్నదాంట్లో అది సరిగ్గా పడలేదు. ఒకసారి పోయి సరిగ్గా అచ్చు తీయించాలనుకుంటానే ఉన్నా" అన్నారు. గుర్తులేదన్నాను. నా నోటుబుక్కు అప్పటికే పాతపేపర్లవాడికి పోయింది. సరేలే అని ఆయన వెళ్ళిపోయారు. ఆ యంత్రాన్ని నేను అదే రోజు విప్పేశాను.

ఒక సుత్తి కథ

ఇరవై ఏళ్ళు నేను ఆ జోలికి పోలేదు. తర్వాత ఉద్యోగం పని మీద కొన్నాళ్ళు ఇంగ్లండులో ఉన్నాను. అక్కడ ఆదివారాలు దున్నిన చేలల్లో మనుషులు డిటెక్టర్లు పట్టుకుని తిరగడం చూశాను. వాళ్ళలో ఒకాయన నాకు హాక్సన్ ఊరి కథ చెప్పాడు.

1992 నవంబరులో సఫోక్ ప్రాంతంలోని ఆ ఊళ్ళో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. డిటెక్టరు ఉన్న తన స్నేహితుడు ఎరిక్ లాస్‌ను వెతికిపెట్టమన్నాడు. సుత్తి వెతకబోతే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణేలు తగిలాయి. లాస్ కొంత తీశాడు. ఇంకా చాలా ఉందని అర్థం కాగానే తవ్వడం ఆపేశాడు. ఇద్దరూ కలిసి అధికారులకు చెప్పారు. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి, ఏ వస్తువు దేని పక్కన ఉందో గుర్తుపెట్టుకుంటూ తీశారు. 14,865 రోమన్ నాణేలు, మరో రెండు వందల దాకా వస్తువులు. వాటిని ఒక చెక్కపెట్టెలో, చిన్న చిన్న డబ్బాల్లో, ఎండుగడ్డి వేసి సర్దిపెట్టారని కూడా తెలిసింది. కుళ్ళిపోయిన చెక్క జాడ, తాళం, గడ్డి ఆనవాళ్ళు మట్టిలోనే ఉన్నాయి కాబట్టి అది తెలిసింది. లాస్ మొత్తం తవ్వేసి సంచిలో వేసుకుని ఉంటే బంగారం మిగిలేది, ఆ కథ మిగిలేది కాదు. అతనికి పద్ధతి ప్రకారం పెద్ద బహుమానం వచ్చింది. అతను దాన్ని రైతుతో పంచుకున్నాడు. పోయిన సుత్తి కూడా దొరికింది. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది!

ఆ దేశంలో 1996లో నిధుల చట్టం చేసి, మర్నాటి ఏడాది నుంచి మామూలు జనానికి దొరికిన వస్తువులను నమోదుచేసే పథకం పెట్టారు. ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులు అందులో నమోదయ్యాయి. మన దగ్గర అలాంటి పథకం లేదు. అందుకే మన దగ్గర ఈ సరదా మొదలుపెట్టేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది యంత్రం ధర కాదు, చట్టం.

చట్టం ఏమంటుంది

ధాత కరువు ముగిసిన 1878లోనే మన దేశానికి నిధుల చట్టం వచ్చింది. భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువ చేసే ఏ వస్తువు దొరికినా, దొరికినవాళ్ళు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నది అందులో ఉండాలి. వస్తువును దగ్గరి ట్రెజరీలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి. దానికి హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం సొంతదారుకు ఒక వంతు. కావాలంటే ప్రభుత్వం లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇచ్చి తానే తీసుకోవచ్చు. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

దీనికి పైన 1958 నాటి పురావస్తు స్థలాల చట్టం ఉంది. రక్షిత కట్టడాల్లో లైసెన్సు లేకుండా తవ్వకూడదు. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెమో విగ్రహమో పురావస్తువే. దాని అమ్మకానికి నియమాలున్నాయి, దేశం దాటించకూడదు. కోటలు, గుడులు, వీరగల్లులు, పాడుబడ్డ ఊరి దిబ్బలు – వీటి దగ్గరికి డిటెక్టరు తీసుకుపోనే కూడదని నా నియమం. చట్టం ఒక్కటే దానికి కారణం కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

మన చేలో, మన పెరట్లో, మనకు తెలిసినవాళ్ళు రమ్మన్న చోట. వేరుశనక్కాయ పీకేశాక నేల వదులుగా ఉంటుంది, అప్పుడు మంచిది. మన వైపు ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. గుట్టల్లో నల్లరాతి పొరల దగ్గరైతే రాయే లోహంలాగా కూస్తుంది. కాబట్టి యంత్రాన్ని ముందు ఆ నేలకు సరిచేసుకోవాలి. రేడియోలో స్టేషను పట్టినట్టే, ఓపిక ఉంటే వస్తుంది. మామూలు యంత్రానికి రూపాయి బిళ్ళంత వస్తువు జానెడు లోతు దాకా అందుతుంది. సినిమాల్లో చూపించినట్టు పది అడుగుల లోతు కుండ కనిపించడం జరగదు. చిన్న బంగారు కమ్మా, సిగరెట్టు పెట్టె రేకూ దాదాపు ఒకే రకంగా పలుకుతాయి. కాబట్టి వంద రేకులు తీసే ఓపిక లేనివాళ్ళు ఈ సరదాకు దిగకపోవడం మేలు. తీసిన గుంత పూడ్చాలి. దొరికిన ఇనుపముక్కను మళ్ళీ చేలో వేయకుండా ఇంటికి తెచ్చేయాలి.

నాకు దొరికినవి ఇవి: ఎద్దు లాడాలు పదకొండు, ములుకర్ర ముల్లు, కొడవలి ముక్కలు, బండిచక్రం కమ్మి, ఎద్దు మెడలోని చిన్న కంచుగంట. మా నాయన కాలం సేద్యమంతా ఆ డబ్బాలో ఉంది. ఒకసారి మా పక్కింటి అక్క కాయలు కొట్టే కళ్ళంలో కమ్మ పోగొట్టుకుంటే రెండు గంటలు వెతికి, చివరికి పేడదిబ్బలో పట్టుకున్నాను. ఆమె కండ్లనీళ్ళు పెట్టుకుంది. ఆ యంత్రానికి పెట్టిన డబ్బు ఆ రోజుతో తీరిపోయింది.

మన బడి మైదానంలో

స్వర్ణోత్సవం పనులు మొదలయ్యే ముందు హెడ్మాస్టరు గారి అనుమతితో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆరుగుర్ని వెంటపెట్టుకుని రెండు ఆదివారాలు మైదానంలో తిరిగాను. జానెడుకు మించి తవ్వకూడదు, దొరికిన ప్రతిదాన్నీ ఎక్కడ దొరికిందో కొలిచి గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టాలి అన్నవి మా నియమాలు.

కాంపాసు పెట్టెలోని వృత్తలేఖిని ఒకటి, పెన్నుక్యాపుల క్లిప్పులు, టిఫిను డబ్బా మూత ఒకటి, చొక్కా గుండీలు దొరికాయి. నాణేలు 52. అయిదు పైసలు 14, పది పైసలు 19, ఇరవై పైసలు 7, పావలాలు 6, అర్ధరూపాయలు 2, రెండు పైసలు 3, ఒక మూడు పైసల బిళ్ళ. పావలా దాకా అన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయినవే. మొత్తం విలువ 6 రూపాయల 59 పైసలు. "1878 చట్టం మనకు వర్తించదు, పది రూపాయలు దాటలేదు" అంటే పిల్లలు నవ్వారు. "సార్, మూడు పైసలకు ఏం వస్తుండె?" అని ఒక పాప అడిగింది. అది నా కాలానికే చెల్లిపోయింది, ఈ సంచిక చదివే పెద్దవాళ్ళెవరైనా చెప్పాలి.

అసలు సంగతి గ్రాఫు కాగితం మీద బయటపడింది. చుక్కలు రెండుచోట్ల గుంపుగా పడ్డాయి. ఒకటి వేపచెట్టు కింద. అక్కడే కదా ఐసు బండి, బొరుగుల గంప ఉండేది! రెండోది ఇప్పుడు గోడ ఉన్నచోట ఒక వరుసగా వచ్చింది. అక్కడేముంటుందని పిల్లలకు అర్థం కాలేదు. నాకు రెండు నిమిషాల తర్వాత వెలిగింది. ప్రహరీగోడ కట్టకముందు మనం లోపలికి దూరే పాత దారి అదే. బెల్లు కొడుతుంటే పరుగెత్తుకొచ్చేవాళ్ళ జేబుల్లోంచి జారినవి అవి. 52 బిళ్ళల్ని ఊరికే తీసి సంచిలో వేసుకుని ఉంటే ఆరున్నర రూపాయలు మిగిలేవి. ఎక్కడివక్కడ రాసుకున్నాం కాబట్టి ఒక దారి దొరికింది. మా సారు చెరువుకట్ట మీద మాకు చెప్పాలనుకున్నది ఇదేనేమో. నాకు అర్థం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది. సారు ఇప్పుడు లేరు.

ఆ గ్రాఫు కాగితం, నాణేలు ఉత్సవం రోజున బడిలో ప్రదర్శనకు పెడుతున్నాం. వృత్తలేఖిని ఎవరిదో వచ్చి తీసుకుపోండి.

చివరగా ఒక మనవి. 1984–85లో తొమ్మిదో తరగతి చదివిన మిత్రులారా, ఆ శనివారం మనమందరం ఆ వీరగల్లు అక్షరాలు నోటుబుక్కుల్లో దించుకున్నాం. నాది పోయింది. మీ ఇంట్లో అటక మీద, ట్రంకుపెట్టె అడుగున, ఎక్కడైనా ఆ సోషలు నోటుబుక్కు ఉందేమో దయచేసి ఒకసారి చూడండి. అక్షరాలు వంకరగా ఉన్నా పర్వాలేదు, సగమే ఉన్నా పర్వాలేదు. నలుగురైదుగురివి పక్కపక్కన పెడితే ఆ మూడు వరుసలు తిరిగి నిలబెట్టవచ్చు. రాయిని నేను తేలేను. ఆ మాటలైనా బడికి తిరిగి అప్పగించాలని ఉంది. ముఖ్యంగా రెండో వరుసలో మూడో అక్షరం.

– ఒక పూర్వ విద్యార్థి, పదో తరగతి 1985–86